తాడు పైకి లేచే చోటు

ఈల మోగింది. ట్రాకు మీద పిల్లలు ఒక్క ఉదుటున ముందుకు దూకారు. మైదానం చుట్టూ ఉన్నవాళ్ళంతా లేచి నిలబడి గొంతులు చించుకున్నారు. టెంటు కింద నీళ్ళ బక్కెట్టు పట్టుకుని నిలబడ్డ స్కౌటు పిల్ల చిక్కుముడి కూడా పందెమే చూద్దామనుకుంది గానీ, చూపు కిందికి జారి అక్కడే ఉండిపోయింది.

మొదటి వరుస కుర్చీల్లో చూపులేని పిల్లల హాస్టలు వాళ్ళని కూర్చోబెట్టారు. ఇస్త్రీ బట్టలు, నూనె రాసి నున్నగా దువ్విన తలలు. చప్పట్లు కొట్టమంటే కొడుతున్నారు, ఆపమంటే ఆపుతున్నారు. వరుస చివరి అమ్మాయి మాత్రం చప్పట్లు కొట్టడం లేదు. రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకుని ముందుకి వంగి ఉంది. కుర్చీ కింద ఆ పిల్ల పాదాలు నేలని టపటపా కొడుతున్నాయి. ట్రాకు మీద ఎంత వేగమో ఇక్కడా అంతే వేగం. పందెం ముగిసేసరికి ఆ పిల్ల రొప్పుతోంది.

"ఎవరు గెలిచారు?" అని అడిగింది, పక్కన ఎవరో ఉన్నారని పసిగట్టి.

"పచ్చ బనీను అబ్బాయి," అనేసి నాలిక కరుచుకుంది చిక్కుముడి.

"పచ్చదైతేనేం, నల్లదైతేనేం, గెలిచాడు కదా. నీ చేతిలో నీళ్ళేనా అవి? ఇటియ్యి. నేనూ పరిగెత్తే వచ్చా."

"పిట్టా, నోరు మూసుకుని కుదురుగా కూర్చో," అంది వెనక వరుసలోంచి వార్డెన్ మేడం.

చివర్లో బహుమతులిచ్చారు. కప్పులు, పతకాలు అన్నీ అయ్యాక మైకులో ఒక తీయని గొంతు, ఇంతసేపూ ఓపిగ్గా కూర్చుని మనల్ని ఉత్సాహపరిచిన ఈ చిన్నారులకి కూడా ఒక చిరు కానుక అని చెప్పింది. ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కో పెన్సిలు డబ్బా పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు, కొందరు కళ్ళు కూడా తుడుచుకున్నారు. పిట్ట డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది.

"కూర్చున్నందుకు బహుమతి," అంది. "వచ్చే ఏడు ఇంకా బాగా కూర్చుంటా. కప్పే ఇస్తారేమో."

చిక్కుముడికి ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండిపడాలో తెలియలేదు. అక్కడ ఎవరూ చెడ్డవాళ్ళు కారు.

ఇంటికొచ్చి కంచం చేత్తో పట్టుకుని పెరటి గుమ్మంలో కూర్చుంది. నోట్లో ముద్ద ఉండగానే అమ్మకి మొత్తం చెప్పింది. అమ్మ దండెం మీంచి ఆరిన బట్టలు తీస్తోంది. రోజంతా టైలరింగు మిషను తొక్కి వచ్చిన మనిషి, సగం వింటోంది, సగం లేదు.

"అంత బాధైతే నువ్వే పరిగెత్తించు," అంది మాటవరసకి.

"ఎలా పరిగెత్తించను? పక్కన ఇంకొకరు చెయ్యి పట్టుకుని లాక్కెళ్తే అది పరుగా?"

"నన్నడుగుతావేంటే? స్కౌటువి నువ్వు," అని అమ్మ అడ్డంగా ఉన్న హ్యాంగర్లని దండెం మీద ఒక్క తోపు తోసింది. అవి జర్రున జారిపోయి ఆ చివర ఆగాయి.

చిక్కుముడి నమలడం ఆపేసింది.

"ఏమే, ఆ చూపేంటి?"

"అమ్మా, ఇంకోసారి తొయ్యవూ?"

మర్నాడు బడయ్యాక స్కౌటు దళం గదిలో గొడవే అయింది. ఆ ఏడాది పెద్ద బ్యాడ్జి కావాలంటే ఒక్కొక్కరూ ఒక సేవా ప్రాజెక్టు సొంతంగా ఆలోచించి, దళాన్ని నడిపించి, పూర్తిచేసి చూపించాలి. చిక్కుముడి ప్రాజెక్టు అంతకుముందే ఖాయమైంది. పార్కులో బెంచీలకి రంగులు. బ్రష్షులు కూడా నానబెట్టారు.

"బెంచీలే మేలు మేడం," అన్నాడు పొడుగోడు. దళంలో అందరికన్నా ఒక తలంత ఎత్తు ఎక్కువ, పనిలోకి దిగేముందు ఒకసారి సణగనిదే వాడికి తోచదు. "బెంచీలు పరిగెత్తవు. పడవు. మనల్ని తిట్టవు."

దళం కెప్టెన్ మేడం బళ్ళో లెక్కలు చెబుతుంది. బోర్డు మీద రెండు నిలువు గీతలు గీసి, వాటి మధ్య ఒక అడ్డ గీత గీసి, వెనక్కి జరిగి చూసుకుంది. రెండు గుంజలు, నడుమెత్తున ఒక తాడు. ఆ తాడు మీద చెయ్యి వేసుకుని ఎవరి సాయం లేకుండా పరుగెత్తడం. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు తట్టలేదో ఆవిడకే ఆశ్చర్యంగా ఉంది.

"బాగుంది," అంది. "కానీ ఒక షరతు. ముడులన్నీ నువ్వే కట్టకూడదు. కట్టించాలి."

గదిలో అందరూ నవ్వారు. క్యాంపులో చిక్కుముడి కట్టిన గుడారం తాళ్ళు ఎవరివల్లా విప్పడం కాక చివరికి కత్తి పెట్టి కోశారు. పేరు అప్పుడే వచ్చింది. అసలు పేరుతో పిలిస్తే ఇప్పుడు ఎవర్నో అనుకుని వెనక్కి తిరిగి చూస్తుంది.

"కట్టిస్తా," అంది చిక్కుముడి, నోటితో.

హాస్టలుకి వెళ్ళేసరికి మెట్ల మీద బల్బు కాలిపోయి ఉంది. చిక్కుముడి, పొడుగోడు గోడ తడుముకుంటూ ఒక్కో మెట్టే ఎక్కుతున్నారు. ఇంతలో గంట కొట్టారు. పైనుంచి పిల్లలు దిగడం మొదలైంది. చేతులు కమ్మీ మీద అలా ఆనీ ఆనకుండా పెట్టి, కబుర్లు చెప్పుకుంటూ, ఒకరి జుట్టు ఒకరు లాగుతూ, ఆ చీకట్లో గలగలా దిగిపోతున్నారు. ఒక్కరూ తడబడలేదు. ఒక్కరూ వీళ్ళకి తగల్లేదు.

"జరగండ్రా, జరగండి," అన్నాడు ఒక బుడతడు. "ఎవరో కళ్ళున్నవాళ్ళు ఎక్కుతున్నారు పాపం."

పిల్లలంతా కమ్మీవైపు ఒదిగి దారిచ్చారు. చిక్కుముడి ఆ మెట్ల మలుపులోనే నిలబడిపోయింది. చివరి పిల్ల దిగిపోయేదాకా వింటూ ఉండిపోయింది. రోజూ నడిచే వీధిలోనే ఎన్నిసార్లు రాయి తన్నుకుందో గుర్తొచ్చి సిగ్గేసింది, అబ్బురంగానూ అనిపించింది.

వార్డెన్ మేడం ఎవరిదో చొక్కాకి బొత్తాం కుడుతోంది. విన్నంతసేపూ సూది ఆపలేదు.

"వరండా గోడ మీద ఏం రాసుందో చూశారా?" అంది చివరికి.

చూశారు. పెద్ద అక్షరాలతో పరుగెత్తరాదు అని ఉంది.

"రాయించింది నేనే. చదివేదీ నేనే. వీళ్ళు చదవలేరు కాబట్టి రోజుకి వందసార్లు నోటితో చెప్తా." దారం పళ్ళతో తెంపింది. "నేను కొత్తగా వచ్చిన రోజుల్లో ఒకడు పరిగెత్తి వరండా స్తంభానికి గుద్దుకున్నాడు. పన్ను ఊడిపోయింది. ఆ పన్ను ఈ అరచేతిలో పెట్టుకుని వాళ్ళమ్మ వచ్చేదాకా కూర్చున్నా. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది."

చిక్కుముడి ఇంటినుంచి కట్టుకొచ్చిన వాదనల్లో ఒక్కటీ దీనికి సరిపోలేదు.

"పెరట్లో స్తంభాలు లేవు మేడం," అన్నాడు పొడుగోడు మెల్లగా. "మేం పాతే గుంజలు తప్ప."

మేడం కిటికీలోంచి పెరటికేసి చూసింది. "ఆదివారం పొద్దున ఒక్కసారి చూస్తా. ఒక్క పిల్ల పడినా సరే, ఆ తాడు అప్పటికప్పుడు విప్పేస్తారు. ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తరు. పిట్టని పరిగెత్తించండి. అది ఎలాగూ నా మాట వినదు."

పెరడు పొడుగ్గా, వంటగది వెనకనుంచి ప్రహరీ దాకా ఉంది. రోజూ బడి వదలగానే దళం అక్కడికి చేరేది. గడ్డి కోశారు. రాళ్ళు ఏరి గోడ వారకి పోశారు. ఇక నేల శుభ్రమైందని చేతులు దులుపుకున్నాక హాస్టలు పిల్లలు చెప్పులు విప్పి వరుసగా నిలబడి ఈ చివరనుంచి ఆ చివరకి నడిచారు. నడుస్తూ కాలివేళ్ళతో ఒక్కో గులకరాయీ తట్టి, వంగి తీసి, జేబులో వేసుకున్నారు. ప్రహరీ చేరేసరికి జేబులన్నీ బరువెక్కి వేలాడుతున్నాయి. వాళ్ళు జేబులు దులుపుతుంటే దళం వాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు.

గునపంతో గోతులు తీసి, గుంజలు నిలబెట్టి, రాళ్ళు దట్టించి, నీళ్ళు పోసి తొక్కారు. పొడుగోడు గుంజని కౌగిలించుకుని ఊపి చూశాడు. కదల్లేదు.

తాడు చిక్కుముడి సామ్రాజ్యం. క్యాంపులో వాడే ముప్పేట తాడు, లావుపాటిది. ఒక్కటి చాలక రెండు కలపాల్సి వచ్చింది. దళంలో ఇద్దరిచేత కలిపించింది గానీ, వాళ్ళు నీళ్ళు తాగడానికి వెళ్ళగానే ఆ ముడి విప్పి తను మళ్ళీ వేసుకుంది. రెండు కొనలూ ఒకదాన్నొకటి వాటేసుకుని, లాగినకొద్దీ బిగుసుకునే ముడి. చూడముచ్చటగా ఉంది. తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. చివర దగ్గరపడుతోందని చేతికి తెలియాలి కదా? రెండు కొసలకీ కాస్త ముందుగా ఒక చిన్న ముడి, ఆ తర్వాత జంట ముడి. ఒకటి తగిలితే నెమ్మదించాలి, జంట తగిలితే ఆగాలి.

ఒక్కటే లోటు. ఎంత లాగినా తాడు మధ్యలో కిందికి వేలాడుతూనే ఉంది. దళమంతా చేరి లాగారు, అరచేతులు కందిపోయాయి, మర్నాటికి మళ్ళీ వాలిపోయింది. ఆ వాలు చూసినప్పుడల్లా చిక్కుముడికి తన పనిలో చిల్లు పడినట్టుండేది. అయినా కళ్ళు గట్టిగా మూసుకుని తాడు మీద చెయ్యి వేసి ఈ చివరనుంచి ఆ చివరకి నడిచి చూసుకుంది. ముడి తగిలింది, నెమ్మదించింది. జంట ముడి తగిలింది, ఆగింది. కళ్ళు తెరిస్తే గుంజ సరిగ్గా ఎదురుగా ఉంది.

"అబ్బ!" అనుకుంది, తనకి తనే మెచ్చుకుంటూ.

శనివారం మధ్యాహ్నం పిట్టని పిలిచారు. వార్డెన్ మేడం సరుకులకని బయటికి వెళ్ళింది. పిట్ట గుంజని పైనుంచి కిందిదాకా తడిమింది. తాడు పట్టుకుంది. తాడు వెంట ఒకసారి వెళ్ళి వచ్చింది.

"ఈ గడ్డలేంటక్కా?"

"అవి గుర్తులు," అని చిక్కుముడి మొత్తం వివరించింది. చెబుతుంటే గొంతులో గర్వం దాగలేదు.

"ఊఁ," అంది పిట్ట. పావడా పైకి దోపుకుంది. "సరే, పరిగెడతా."

ఎవరూ ఈల వెయ్యలేదు. పిట్ట పరుగు అందుకుంది. కొన్ని అడుగులు, అంతే. తాళ్ళు కలిపిన ముడి పిడికిట్లోకి దూసుకొచ్చి తగిలింది. "అమ్మా!" అని చెయ్యి లాగేసుకుంది. వేగం ఆగక ఇంకో నాలుగడుగులు పక్కకి వెళ్ళిపోయింది. తాడు ఎటుందో తెలియలేదు. చీకటి మెట్ల మీద కూడా ఎవరికీ తగలకుండా దిగే పిల్ల, ఆ పెరట్లో రెండు చేతులూ ముందుకి చాచి గాల్లో వెతుక్కుంటూ నిలబడిపోయింది. 

చిక్కుముడి పరుగున వెళ్ళి పట్టుకుంది. అరచెయ్యి కమిలి ఎర్రగా ఉంది, ఒకచోట తోలు లేచింది.

"పడలేదుగా," అంది పిట్ట ముందుగా. "పడలేదని గుర్తుంచుకోండి." తర్వాత చేతిని నోటితో ఊదుకుంటూ అడిగింది. "అక్కా, నువ్వు దీని మీద పరిగెత్తి చూశావా?"

"చూశాను." ఒక్క క్షణం ఆగింది. "నడిచి చూశాను."

"నడవడం నాకొచ్చు," అంది పిట్ట. "ఈ పెరడంతా తాడు లేకుండానే నడుస్తా. నడవడానికైతే ఇంత కష్టం దేనికి మీకు?"

కోపంగా అనలేదు. మామూలుగా అడిగింది. అదే చిక్కుముడిని నిలువునా కోసేసింది. ఆ టెంటు కింద పిల్లల్ని కూర్చోబెట్టినవాళ్ళ మీద వారమంతా పళ్ళు నూరింది. మేడం గోడ మీద రాయించిన మాట చూసి లోపల్లోపల విసుక్కుంది. తీరా తన చేతులు తాడు మీద రాసిందీ ఆ మాటే. నెమ్మదించు, ఆగు, పరుగెత్తకు. ముచ్చటగా ముడులతో రాసింది.

గుంజకి ఆనుకుని కూలబడింది.

"ముడులు విప్పేద్దాం," అంది. "అన్నీ."

"ఒట్టి తాడైనా చెయ్యి కాలుతుందక్కా," అంది పిట్ట. "రాసుకుపోతోంది."

వంటగది వెనక కుళాయి బాగుచేసినప్పుడు మిగిలిన ప్లాస్టిక్ పైపు పడి ఉంది. పొడుగోడు జానెడు ముక్క కోసి, అంచులు గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేశాడు. తాడు దానిలోంచి పోతుంది, పిడికిలి పైపు మీద ఉంటుంది, చేతికి రాపిడి ఉండదు. అందరూ భేష్ అన్నారు. కానీ పైపు ముడిని దాటదు. ముడి లేకుండా రెండు తాళ్ళని ఎలా కలుపుతారు?

ఎలాగో చిక్కుముడికి తెలుసు. కొనల దగ్గర తాడు పేటలు విడదీసి, ఈ పేటని ఆ తాడులోకి, ఆ పేటని ఈ తాడులోకి జడలా దూర్చుకుంటూ పోవాలి. ముడి ఉండదు, తాడే తాడులో కలిసిపోతుంది. క్యాంపులో నేర్పించినప్పుడు, గంటలకొద్దీ అల్లి చివరికి చూడ్డానికి ఏమీ లేని పని ఎందుకని వదిలేసింది. ఇప్పుడు దబ్బనం పుచ్చుకుని ముందు తన ముడి తను విప్పడానికే చెమటలు కక్కింది. దళమంతా లాగి బిగించిన ముడి అది. "క్యాంపులో మా బాధ ఇదే," అన్నాడు పొడుగోడు, చాలా తృప్తిగా.

పేటలు విడదీశాక తెలిసింది, ఒక్క మనిషికి చేతులు చాలవని. ఒకటి దూరుస్తుంటే ఇంకోటి మెలి విడిపోతోంది. పిట్ట కేకేస్తే హాస్టలు పిల్లలొచ్చి చుట్టూ కూర్చున్నారు. ఒక్కో పేట ఒక్కొక్కరి చేతికిచ్చింది.

"పేటకి పైనుంచి, పక్కదాని కిందనుంచి," అని చెప్పింది చిక్కుముడి. దబ్బనంతో తాడులో సందు చేసింది. ఒకరు దూర్చారు, ఇంకొకరు అవతలినుంచి లాగారు. ఒక వరుస అయ్యేసరికి చెప్పాల్సిన పని లేకపోయింది. ఎవరి పేట ఎటు పోవాలో వాళ్ళ వేళ్ళకి తెలిసిపోయింది. పిల్లలు ఏవో కబుర్లు చెప్పుకుంటున్నారు, తలలు ఎటో తిరిగి ఉన్నాయి, వేళ్ళు మాత్రం ఆగడం లేదు. చిక్కుముడి తన దబ్బనం పక్కన పెట్టి చూస్తూ ఉండిపోయింది. ఇంత అందమైన పని దగ్గరుండి ఎప్పుడూ చూడలేదు. దళంలో మిగతావాళ్ళు కూడా వచ్చి కూర్చుని నేర్చుకున్నారు. ఆ రోజు ఎవరు అల్లినదాన్నీ విప్పి మళ్ళీ అల్లాలని తనకి అనిపించలేదు.

అతుకు నేల మీద పెట్టి కాళ్ళతో దొర్లించారు. మధ్యలో కాస్త ఉబ్బుంది, అంతే. పైపు దానిమీంచి జారిపోయింది. జారుతున్నప్పుడు చిన్నగా గరగర శబ్దం వచ్చింది. మళ్ళీ గుంజలకి కట్టారు.

"మరి చివర ఎలా తెలుస్తుంది?" అన్నాడు పొడుగోడు.

"నేను అవతల నిలబడి పిలుస్తా," అంది చిక్కుముడి.

"రోజూ వస్తావా?" అంది పిట్ట.

పిట్ట ఎవరికోసం ఆగకుండా పైపు పట్టుకుని తాడు వెంట నడవడం మొదలుపెట్టింది. వెళ్ళింది, వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. ఒకచోట ఆగి వెనక్కి జరిగి, మళ్ళీ ముందుకి వచ్చింది.

"అక్కా, ఇక్కడ తాడు పైకి లేస్తోంది."

చిక్కుముడి ముఖం ముడుచుకుంది. "అదా. మధ్యలో వేలాడిపోతోంది, ఎంత లాగినా బిగుసుకోవడం లేదు. రేపు పొద్దున్నే వచ్చి సరిచేస్తాలే."

"వద్దు!" అంది పిట్ట, తాడుని ఎవరో లాక్కుంటున్నట్టు రెండు చేతులతో పట్టుకుని. "మెట్ల కమ్మీ లేదూ? మెట్లు అయిపోయే ముందు దాని వాలు మారుతుంది. కాలికన్నా ముందు చేతికి తెలుస్తుంది. ఇదీ అంతే. చెయ్యి పైకి లేస్తోందంటే చివర వస్తోందనేగా. ఇంకాస్త వదులు చెయ్యి. కొసలు ఇంకా పైకి కట్టు, నా భుజమంత ఎత్తుకి."

చిక్కుముడి తాడుకేసి చూసింది. మధ్యలో నడుమెత్తున ఉండి, అటూ ఇటూ మెల్లగా పైకి లేస్తూ పోతున్న తాడు. వారమంతా ఆ వాలుని తిట్టుకుంటూనే ఉంది. అది అంతసేపూ చెయ్యాల్సిన పనే చేస్తోంది.

వెళ్ళి గుంజల దగ్గర తాడు విప్పి, పొడుగోడి చేతికిచ్చింది. "నువ్వు కట్టు," అంది. వాడు నమ్మలేనట్టు చూసి కట్టాడు.

ఆదివారం పొద్దున ఆకు కదలడం లేదు. ఉక్కపోత. హాస్టలంతా గోడ వారగా నిలబడింది. వార్డెన్ మేడం తిన్నగా అవతలి గుంజ దగ్గరికి వెళ్ళి వేళ్ళ కణుపులతో దాన్ని తట్టింది. గట్టి కర్ర. వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

"అయిపోయింది," అన్నాడు పొడుగోడు గొణుగుతూ.

చిక్కుముడి చూపు గడప మీంచి కదల్లేదు. కెప్టెన్ మేడం కూడా గడపకేసే చూస్తోంది. కాసేపటికి లోపలనుంచి ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. వార్డెన్ మేడం ఒక పాత పరుపుని నేలమీద లాక్కుంటూ గడప దాటుతోంది. జుట్టు నిండా బూజు.

"చూస్తూ నిలబడతారేం? పట్టండి," అంది. "ఇది ఆ గుంజకి చుట్టండి. రెండోది సామాన్ల గదిలో ఉంది, నావల్ల కాలేదు."

పరుపులు చుట్టారు. మేడం అవతలి గుంజ పక్కనే నిలబడింది, అవసరమైతే తనే అడ్డుపడేటట్టు. పిట్ట ఇవతలి గుంజ దగ్గర పైపు పట్టుకుంది. అరచేతికి చిన్న గుడ్డ చుట్టి ఉంది. ఆ గుడ్డని మేడం చూసింది, చూడనట్టు ఊరుకుంది.

పిట్ట మొదట నడిచింది. తర్వాత వడిగా నడిచింది. పైపు అతుకు మీంచి గరగరమని దాటింది. అది దాటాక పిట్ట తల పైకెత్తింది, పాదాలు నేల మీద ఆనడం మానేసినట్టే అయింది. పరుగెత్తింది. జడ వెనక్కి లేచింది. పావడా కాళ్ళకి కొట్టుకుంటోంది. మోకాళ్ళు అంత ఎత్తుకి లేవడం ఆ పిల్లలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు, లేపడానికి ఎవరూ చోటివ్వలేదు. గోడ వారగా ఉన్న పిల్లలు ఊపిరి బిగబట్టి వింటున్నారు. వాళ్ళ ముఖాలన్నీ ఆ అడుగుల వెంట ఒక్కలాగే తిరుగుతున్నాయి. తాడు పైకి లేవడం మొదలైంది. పిట్ట చెయ్యి లేచింది. వేగం తగ్గింది, తగ్గింది, నడకయింది. చాచిన ఎడమచెయ్యి పరుపుకి మెత్తగా తగిలింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలని ఎవరికీ గుర్తురాలేదు. చిక్కుముడి చెంపలు తడిసిపోయాయి. తుడుచుకోవాలని కూడా తెలియలేదు. తను చూసింది ఒక పిల్ల పరుగెత్తడమే. లోకంలో పిల్లలందరూ చేసే పనే. అది ఇంత గొప్పగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

"అక్కా," అంది పిట్ట రొప్పుతూ. "ఇప్పుడు గాలేసిందా?"

"లేదే. ఆకు కూడా కదల్లేదు."

"ముఖానికి తగిలింది. జోరుగా."

"గాలి లేదు పిట్టా, నిజం."

పిట్ట తన చెంప తడిమి చూసుకుంది. తర్వాత ముఖమంతా నవ్వయింది. "అయితే అది నేనే," అంది.

వార్డెన్ మేడం ముక్కు చీదింది. గోడవైపు తిరిగి, "తోసుకోకండి, తోసుకుంటే ఒక్కర్నీ పంపను, చిన్నవాళ్ళు ముందు!" అని అరిచింది. అప్పటికే వాళ్ళు తోసుకుంటున్నారు.

ఎండెక్కేదాకా పరుగులే. ఒకడు కేకలు పెడుతూ పరుగెత్తాడు. ఒక పాప సగంలో ఆగి నవ్వాపుకోలేక కూర్చుండిపోయింది. చివరికి అందర్నీ కాళ్ళు కడుక్కోమని మేడం లోపలికి తోలింది. దళం వాళ్ళు గునపాలు సర్దుకుంటున్నారు. చిక్కుముడి ఇవతలి గుంజ దగ్గర ఒక్కతే మిగిలింది. పైపు ఇంకా చెమ్మగా, వెచ్చగా ఉంది. అటూ ఇటూ చూసి, కళ్ళు మూసుకుని, పరుగు అందుకుంది.

మొదటి అడుగులు బాగానే పడ్డాయి. ఆ తర్వాత భయం తన్నుకొచ్చింది. ముందు ఏదో ఉంది. ఏమీ లేదని తనకి తెలుసు. నేల శుభ్రం చేయించింది తనే, గుంజలు పాతించింది తనే. అయినా ముఖానికి గోడ అడ్డం వస్తున్నట్టే ఉంది. కాళ్ళు వాటంతటవే నెమ్మదించి నడకలో పడ్డాయి. రెప్పలు తెరుచుకున్నాయి. ఎదురుగా ఖాళీ పెరడు తప్ప ఏమీ లేదు.

"కళ్ళు తెరిచావు కదూ?"

పిట్ట లోపలికి వెళ్ళనే లేదు. అవతలి గుంజ పరుపుకి వీపు ఆనించి కూర్చుని ఉంది.

"నీకెలా తెలిసింది?"

"ముందు భయంగా నడిచావు. ఉన్నట్టుండి నీ అడుగుల్లో ధైర్యం వచ్చేసింది."

చిక్కుముడికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నావల్ల కాలేదే. పైగా ఈ ఎండ వెలుతురు నాకు రెప్పల్లోంచి కూడా తెలుస్తోంది, అయినా కాలేదు. నువ్వెలా పరిగెత్తావే? నీకు భయమెయ్యలేదా?"

"ఎందుకెయ్యదు? చచ్చేంత వేసింది," అంది పిట్ట. "నువ్వు కట్టావు కదా అనుకున్నా."

చిక్కుముడి పైపు పట్టుకుని తాడు వెంట వెనక్కి నడిచింది. ఇవతలి గుంజ దగ్గర నిలబడి కళ్ళు మూసుకుంది.

"ఇప్పుడు రా," అంది పిట్ట.